పసుపు పిన్ను

ఆ ఏడు రోహిణి కార్తెల
హాలియ మీద పడ్డ పిడుగు
స్తంభం దిగి, వైరు పట్టుకొని
సక్కగ నా డీటీపీ షాపుకే ఒచ్చింది.
మానిటర్ పోయింది.
డబ్బా బతికింది. ఎవలకు చెప్తున్నదో తెల్వకుంట
లోపట ఫ్యాను తిరుగుతనే ఉంది.

తెల్లారి పదింటికల్ల
కేతావత్ లచ్చు బిడ్డ పెండ్లి పత్రికలు, రెండొందలు.
అడ్వాన్సు తీస్కున్న.
ఖర్చు గుడ పెట్టిన.

జానిమియా చిచ్చా డబ్బా ఎనక టార్చి కొట్టిండు.
"గీ గుండ్రం ఏంది బిడ్డా?"
"మౌస్‌ది చిచ్చా. పెట్టి చూసిన, పట్టలే."
నాలుగేండ్లు గట్లనే అనుకున్న నేను.
"మౌస్‌కు ఆరు పిన్నులుంటయ్. దీనికి నాలుగే.
ఇది బొమ్మ బైటికొచ్చే తొవ్వ."

ఆయన షాపుల ఒక టీవీ ఉంది,
పేరూరు నుంచి రిపేరుకొచ్చి
పైసలు దొరికినంక తీస్కపోత అన్నోళ్ళది.
ఇద్దరం మోసుకొచ్చినం,
నడిమిట్ల రెండుసార్లు దించి.

వైరు కోసి, పండ్లతోనే తోలు తీసిండు.
ఒక తీగల వెలుగొస్తదట, ఇంకో తీగల రంగు.
టీవీకేమో నోరు ఒక్కటే, పసుపు పిన్ను.
ముందుగాల వెలుగు కలిపిండు.
బొమ్మొచ్చింది కని నిలవదు,
కిందికెల్లి మీదికి ఉరుకుడే ఉరుకుడు.
"కార్డు అరవై కొడుతున్నది, టీవీకి యాభై అలవాటు.
లోపటికి పొయ్యి యాభైకి తిప్పు."
ఎట్ల తిప్పాలె, అక్షరం ఆగితె కద!
సాగర్ బస్సు ఆపకుంట పోతుంటె
బోర్డు చదివినట్టు
ఒక్కో మాటను దాటిపొయ్యేటప్పుడే పట్టుకున్న.
చిచ్చా టీవీ ఎనక చీలకు స్క్రూడ్రైవర్ పెట్టి
ఊపిరి బిగబట్టి తిప్పితె
మూడు సెకండ్లు ఆగుతది,
మల్ల జారుతది.
"చదివినవా?"
"సగం."
"మల్ల పడుతున్న, చూడు."
నాలుగోసారి నొక్కిన.
నిలబడ్డది.

అంత తెలుపు నలుపే.
చచ్చిన రేడియో పొట్టలకెల్లి
చింతగింజల సగమంత బిళ్ళ ఒకటి పీకి,
అద్దాలు నొసటికి నెట్టి,
నాలుగు, ఏడు, ఒకటి అని అంకెలు పలికి,
రెండు తీగల నడుమ అంటిచ్చిండు.
రోజనం పొగ పోకముందే ఎరుపొచ్చింది,
హద్దు తెల్వనట్టు పక్కకు కారుకుంట.
ఆ ఎనక పసుపు.

కని ఆ టీవీకి తెలుగు రాదు.
ఒత్తులన్ని వణికి వణికి మాయమైతయ్.
'ష్ఠ' ఒక మచ్చ. పొల్లు ఒక దోమ.
నాలుగు అంచులు చెక్క చాటుకు పోయినయ్,
ముహూర్తం ఎక్కడుందో
నా వేళ్ళకే తెల్వాలె.
ఇగ ఒక్కో మాటను తెరంత పెద్దగ చేసి,
చూసి, మల్ల చిన్నగ చేసి,
రెండింటి దాక గదే పని.
చిచ్చా బల్ల మీదనే ఒరిగిండు, బూట్లిడువకుంట.

తొమ్మిదికే దిగిండ్రు లచ్చు, పెండ్లిపిల్ల.
అప్పుడు తెర మీద ఉన్నది ఒక్కటే మాట:
శ్యామల.
ఇరవై ఒక్క ఇంచుల నిండ, పసుపు రంగుల,
య ఒత్తు సన్నగ కొట్టుకుంట.
పిల్ల పత్రిక దిక్కు చూడలే.
అద్దం మీద చెయ్యి పెట్టింది,
చిటపటమన్నది, చేతి మీది నూగు లేచింది.
"అక్కా, తియ్యకు. జర్ర సేపు ఉంచు."
గాజులు కొనొచ్చిందాక ఉంచిన.

అచ్చయినంక చూస్తె
కింద, చెక్క చాటుకు పోయిన కాడ,
'తప్పక రాగలరు' రెండుసార్లు పడ్డది.
రెండొందల పత్రికల మీద.
నా నోట్లె తడారింది.
లచ్చు చదివిచ్చుకున్నడు,
ఇంకోసారి చదివిచ్చుకున్నడు,
పసుపుల ఏలు ముంచి మూలకు అద్దుకుంట అన్నడు:
"ఒక్కసారి పిలిస్తె మర్చిపోతరు,
రెండుసార్లు పిలిస్తె రాకెట్ల ఉంటరు?"